దెయ్యానికి తిత్తులు తొక్కేదెవరు?

పొద్దే పొడవని చీకటి నెలల్లో మధ్యాహ్నం రెండు దాటిందంటే హెల్నెస్ చర్చి వైపు ఎవరూ వెళ్లరు. అప్పుడే కాదు, ఇప్పటికీ వెళ్లరు.

ఆ చర్చి ఊళ్లో ఉండదు. ఊరికి అరమైలు అవతల, సముద్రంలోకి పొడుచుకుపోయిన రాతి కొస మీద ఒంటరిగా ఉంటుంది. పడమటి తలుపు తీస్తే నాలుగు మెట్లు, మెట్ల కింద బండలు, బండల కింద నీళ్లు. చుట్టూ చెక్క శిలువలు. వాటిల్లో సగం ఉత్తవి. శిలువ మీద పేరుంటుంది, కింద మనిషి ఉండడు.

మా అమ్మమ్మ రోజుల్లో ఒక ఏడు శీతాకాలం దిగాక కొత్త మాట ఒకటి పుట్టింది. చర్చిలో ఆర్గన్ దానంతటదే మోగుతోంది... మనుషులు లేని వేళ... దీపం వెలుగన్నది లేకుండా.

మొదట విన్నవాడు యోన్ అనే ముసలాయన. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కట్టెలు ఏరుకుందామని అటు వెళ్లి, కట్టెలక్కడే పారేసి, కుంటికాలుతోనే పరిగెత్తుకొచ్చాడు. తర్వాత వారం పాస్టరు గారి పనిమనిషి విన్నది. ఆమె మూడు రోజులు జ్వరపడింది. ఇక చూసుకోండి, ఇంటింటా అదే మాట. మునిగిపోయినవాళ్లు ఒడ్డెక్కి వస్తున్నారనీ, వాళ్లకోసం వాళ్లే ప్రార్థన చేయించుకుంటున్నారనీ.

ఈ మాట విని పగలబడి నవ్వినవాడు దీవి మొత్తం మీద ఒక్కడే. ఆర్గనిస్టు డిడ్రిక్ లోవ్‌దాల్.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. కుర్రతనంలో జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్లి మూడేళ్లు సంగీతం చదివొచ్చిన మనిషి. పట్నంలో పెద్ద చర్చి ఏదైనా తనకోసం చేతులు చాచుకుని ఉంటుందనుకున్నాడు. ఏ చర్చీ చాచలేదు. ఆఖరికి మా స్కార్వోయ్ దీవికొచ్చి పడ్డాడు. "రెండేళ్లుంటాను, అంతే," అన్నాడట పడవ దిగుతూనే. ఇరవై ఎనిమిదేళ్లున్నాడు. అన్నేళ్లూ ముక్కు దగ్గర ఎవరో కుళ్లిన చేప పట్టుకున్నట్టు మొహం పెట్టుకునే తిరిగాడు.

మా పాట ఆయనకు గిట్టదు. మావాళ్లు కీర్తన పాడితే పాతకాలపు పద్ధతి — నిదానంగా, ఒక్కో మాటను నాలుగు మెలికలు తిప్పి, ఊపిరి అయిపోయేదాకా లాగి పాడటం. డిడ్రిక్ దానికి పెట్టిన పేరు "ఆవు ఈనే పాట". ఆదివారం ఆయన ఆర్గన్‌ను గట్టిగా, తిన్నగా, గబగబా వాయించేవాడు. జనం ఇంకా నిదానంగా పాడేవాళ్లు. ఆయన ఇంకా గట్టిగా. వీళ్లు ఇంకా నిదానంగా. ఒకే కీర్తనను ఆయన అయిదు నిమిషాల్లో ముగించి చేతులు కట్టుకుని కూర్చుంటే, జనం తాపీగా మూడో చరణంలో ఉండేవాళ్లు. ఇరవై ఎనిమిదేళ్ల యుద్ధం అది. గెలిచినవాళ్లు లేరు.

ఊరివాళ్లను దారికి తేవడానికి ఆయన ఒక పుస్తకం కూడా రాశాడు. నూట నలభై కీర్తనలు, అన్నీ సొంత వరసలు, మెలిక అన్నది మచ్చుకైనా లేకుండా. వేసవిలో బిషప్పు గారు వచ్చినప్పుడు ఊరంతా ఆ పుస్తకంలోంచి పాడితే, దాన్ని ఉత్తరాది చర్చిలన్నిటికీ పంపిస్తారని ఆయన ఆశ. ఉన్న ఆశల్లా అదొక్కటే. అలాంటప్పుడు చర్చికి దెయ్యం పట్టిందని, అదీ పాత పాట వాయించే దెయ్యమని పుకారు లేస్తే ఆయనకెలా ఉంటుంది?

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆర్గన్ మేడ మీద ఓలీనెను నిలదీశాడు. ఓలీనె అరవై ఏళ్ల వితంతువు. ఆర్గన్ వెనక చెక్క గదిలో నిలబడి తిత్తులు తొక్కడం ఆవిడ పని. ఆవిడ తొక్కితేనే గొట్టాల్లోకి గాలి వెళ్లేది, గాలి వెళ్తేనే మోత.

"ఏమే ఓలీనె, దెయ్యం ఆర్గన్ వాయిస్తోందట, విన్నావా?"

"ఊరంతా విన్నాక నేను వినకపోవడానికి నాకేం చెవుడా, ఆర్గనిస్టు గారూ?"

"మరి దెయ్యానికి తిత్తులు తొక్కేదెవరట? పైన ఒక దెయ్యం, వెనక ఇంకో దెయ్యమా? మీ ఊరి దెయ్యాలు కూడా పనులు పంచుకుంటాయా?"

"నన్నడుగుతారేం? మీకోసం వారానికొకసారి తొక్కేసరికే నా మోకాళ్లు చచ్చి దెయ్యాలయ్యాయి. ఇంకొకళ్లకు తొక్కే ఓపిక నాకెక్కడిది?"

అంటూ శాలువా దులుపుకుని మెట్లు దిగిపోయింది. కానీ దిగేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూసింది. ఆ చూపు డిడ్రిక్‌కు అనుమానం పుట్టించింది.

ఇంట్లో భోజనం దగ్గర భార్య మారెన్‌తో అన్నాడు — "ఆ ముసలిది ఎవరికో తొక్కుతోంది. ఎవరో ఒంటివేలితో కొట్టే చేతగాని వెధవ నా ఆర్గన్ ముట్టుకుంటున్నాడు. పట్టుకుంటాను."

మారెన్ ఉడికించిన చేప ముక్క ఆయన పళ్లెంలో వేస్తూ ఒక్క క్షణం ఆగింది.

"వదిలెయ్యండి. చీకట్లో ఆ బండల మీద నడవడం మంచిది కాదు."

"నువ్వూ నమ్ముతున్నావా? అవున్లే... సంగీతం చెవికెక్కనివాళ్లకు దెయ్యాలు త్వరగా ఎక్కుతాయి."

మారెన్ చేప గిన్నె పక్కకు జరిపింది. ఇరవై ఆరేళ్లుగా ఆయన పక్కన నిలబడి పేజీలు తిప్పుతున్న మనిషి ఆవిడ. ఒక్కసారి రెండు పేజీలు ఒకేసారి తిప్పినందుకు, "దీనికి చెవి లేదు," అని పదిమందిలో అన్నాడు. ఆ తర్వాత ఆవిడ సంగీతం గురించి నోరెత్తలేదు.

జనవరి నెలాఖరు, గురువారం. డిడ్రిక్ బడిలో పిల్లలకు పాట చెప్పేరోజు. నాలుగింటిదాకా ఆయన బడిలోనే ఉంటాడని అందరికీ తెలుసు. ఆరోజు మాత్రం రెండింటికే పిల్లల్ని ఇళ్లకు తరిమేశాడు. లాంతరు వెలిగించి, దాని మీద కోటు అంచు కప్పి బయల్దేరాడు.

రెండింటికే చిమ్మచీకటి. పొద్దు కనబడి రెండు నెలలు దాటింది. మంచు గట్టిపడి బూట్ల కింద కరకరలాడుతోంది. కింద సముద్రం బండల్లోకి దూరి, వెనక్కి లాక్కుంటోంది.

దారి పొడవునా ఆయన తిట్టుకుంటూనే నడిచాడు. దెయ్యాలట... చదువులేని జనం... నాలుగు తెడ్లు తిప్పడం తప్ప ఏమీ రానివాళ్లు...

సమాధుల గోడ దాటాడు. ఆగాడు.

మోగుతోంది.

సన్నగా... గాలితో పాటు వచ్చి, గాలితో పాటు పోతూ. నిజంగానే ఆర్గన్. కిటికీల్లో వెలుగు లేదు. గోడ నల్లగా ఉంది. కానీ లోపల ఆర్గన్ మోగుతోంది — దానితో పాటు పాట కూడా!

ఆయన మెడ వెనక చల్లగా ఏదో పాకింది. అది చలి అని సర్దిచెప్పుకున్నాడు.

ఊరివైపు తలుపు నెమ్మదిగా తోసి లోపలికి జారాడు. లోపలంతా కటికచీకటి. గాలి ఈడ్చి కొడుతోంది... ఎందుకో అర్థమైంది. ఎదురుగా సముద్రం వైపు తలుపు బార్లా తీసి ఉంది. దాన్ని చలికాలంలో ఎవరూ తియ్యరు.

గోడకు ఆనుకుని నిలబడి విన్నాడు.

అదే పాట. ఆవు ఈనే పాట! ఇదివరకు శవపెట్టె ముందు పాడే కీర్తన — ఆయన వచ్చిన ఏడే మాన్పించిన కీర్తన. ఒక్కో మాట మెలిక తిరిగి, సాగి సాగి, తెగుతుందనగా ఇంకో మాటను అందుకుంటోంది. ఆర్గన్ దాన్ని తొందరపెట్టడం లేదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు, ఆగిన చోట ఆగి, కదిలిన చోట కదులుతోంది. పైన సన్నని గొంతులు. అడుగున బరువైన గొంతులు. చర్చి కప్పు వాసాలు కూడా పాడుతున్నాయా అన్నట్టుంది.

ఎంతసేపు విన్నాడో ఆయనకే తెలియదు. తన చెంప తడిగా ఉందని తెలిసి ఉలిక్కిపడ్డాడు. అంతే, కోపం నషాళానికి అంటింది.

"ఆపండి!"

ఆర్గన్ గుటక మింగినట్టు ఆగింది. పాట మాత్రం ఇంకో ఊపిరి సేపు నిలిచి, అప్పుడాగింది.

డిడ్రిక్ కోటు అంచు తొలగించి లాంతరు ఎత్తాడు. ఎడమవైపు బల్లల్లో, ఆ వెలుగు అందినంత మేర, మొహాలు... శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ల మొహాలు. పది పన్నెండు మంది. దెయ్యాలు కాదు. అందరూ ఎరిగినవాళ్లే. ముందు బల్లలో ఎలెన్ అనే ఆవిడ. ఆమె ఆయన వైపు చూడను కూడా చూడలేదు. తెరిచిన తలుపు వైపే చూస్తోంది.

ఆయన మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఆర్గన్ వెనక ఓలీనె చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ఆర్గన్ ముందు, కీర్తనల పుస్తకం లేకుండా, దీపం లేకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది...

మారెన్.

 ఆయన లాంతరు ఆవిడ మొహం దగ్గరకు తెచ్చాడు.

"నువ్వా?... నీకు... నీకు చెవి లేదు!"

"మీరలా అన్నారు," అంది మారెన్. "నేను ఒప్పుకోలేదు. ఊరుకున్నాను, అంతే."

ఓలీనె చెక్క గదిలోంచి తల బయటపెట్టింది.

"అరవకండి, ఆర్గనిస్టు గారూ. ఇరవై ఆరేళ్లు మీ పక్కన నిలబడి మీ వేళ్లు చూసింది. రాయి కూడా నేర్చుకునేది."

"నోర్ముయ్యవే! ఈ నాటకమంతా నీదే కదూ? దెయ్యమని ఊరంతా టముకు వేసింది నువ్వే కదూ?"

"మేం వెయ్యలేదు. ఆ యోన్ ముసలాడు వేశాడు. మేం వద్దనలేదు. మీలాంటివాళ్లు ఇటు రాకుండా ఉంటారని."

"ఎందుకిదంతా? ఇళ్లల్లో ఏడవలేరా?"

ఈ మాటకు మారెన్ లేచి నిలబడింది. ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. కిందివాళ్లకు వినబడకూడదని గుసగుసగా చెప్పింది.

"అక్టోబరు గాలిలో రెండు పడవలు పోయాయి. ఎనిమిది మంది. ఒక్కరూ ఒడ్డుకు రాలేదు. పాస్టరు గారు పేర్లు చదివారు, అయిపోయిందన్నారు. పెట్టె లేదు కాబట్టి పాట లేదు. ఉన్నా మీరు పాడనివ్వరు. ఎలెన్‌కు ఇద్దరు కొడుకులండీ... తోరెస్, ఆంటూన్. ఇద్దరూ ఒకే పడవలో. ఆమె నా దగ్గరకొచ్చి ఒక్కటే అడిగింది. వాళ్లకు వినబడేలా ఒక్కసారి ఆ కీర్తన పాడించమని. ఇంట్లో పాడితే గోడలు వింటాయి. అంత దూరం వినబడాలంటే ఇది కావాలి."

ఆర్గన్ మీద చెయ్యి వేసింది. తర్వాత తెరిచిన తలుపు వైపు చూసింది.

"ఒక్కసారి అనుకున్నాం. మానలేకపోయాం."

కింద ఎవరూ ఏడవడం లేదు. ఎవరూ కదలడం లేదు. డిడ్రిక్‌కు ఆ నిశ్శబ్దమే అవమానంగా తోచింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన ఏ జనాన్ని కసిరాడో ఆ జనం ఆయన భార్యను ఎప్పుడో తమలో కలుపుకున్నారు. ఆయనకు తెలియనే తెలియదు.

"పొండి అందరూ! రేపు పొద్దున్నే పాస్టరు గారికి చెబుతాను. ఓలీనె, నీకిక్కడ పని లేదు ఇక. మారెన్... నీ సంగతి ఇంట్లో మాట్లాడతాను."

ఆడవాళ్లు లేచారు. ఆయన మేడ దిగి ఊరివైపు తలుపు దగ్గర నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కళ్లు ఆయన పక్కనుంచే వెళ్లారు. ఒక్కరూ తల వంచుకోలేదు. ఆఖర్న ఓలీనె ఆగి, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మీ నూట నలభై కీర్తనల్లో ఒక్కటైనా ఎవరైనా చచ్చిపోయినప్పుడు పాడాలనిపించేది ఉందా, ఆర్గనిస్టు గారూ? ఉంటే చెప్పండి. నేర్చుకుంటాం."

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. వెళ్లి సముద్రం వైపు తలుపు ధడాలున మూశాడు.

పాస్టరు గారికి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఓలీనె పనీ పోలేదు. ఆ పుస్తకాన్ని వేసవిలో బిషప్పు గారి చేతికీ ఇవ్వలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం భోజనం దగ్గర జరిగింది వేరు. ఆ సంగతి మారెన్ ఒక్క ఓలీనెకే చెప్పింది. ఓలీనె మా అమ్మమ్మకు చెప్పింది.

ఇంటికొచ్చాక డిడ్రిక్ అరుస్తాడనుకుంది మారెన్. అరవలేదు. అంతకంటే అన్యాయం — పాఠం చెప్పడం మొదలెట్టాడు. బంగాళాదుంప తొక్క తీసుకుంటూ, ఆవిడ మొహం చూడకుండా, ఒక్కో తప్పే ఎంచుతూ పోయాడు.

"ఎడమచెయ్యి బరువు. రెండో చరణంలో గాలి తగ్గిందని తెలిసి కూడా మీట మార్చలేదు. ఆడగొంతులు సరేసరి, పిల్లుల్లా సాగదీశాయి. అవి బాగుపడవు. కానీ ఆ మగాళ్లు..."

మారెన్ చేతిలో ఊలు సూదులు ఆగాయి.

"ఆదివారం నేను పాడమంటే నోట్లో ఎండుచేప ఉన్నట్టు గొణుగుతారు. ఇవాళ చూడు! ఎంత నిండుగా! ఎంత అడుగు నుంచి! నా మీద కక్ష కాక మరేమిటిది?"

"ఏ మగాళ్లండీ?"

"కుడివైపు బల్లల్లో కూర్చున్నవాళ్లు. ఇంకెవరు?"

"కుడివైపు ఎవరూ లేరు." మారెన్ మెల్లగా అంది. "పడవలన్నీ లోఫోటెన్ దీవులకు చేపల వేటకు వెళ్లి పది రోజులైంది. ఊళ్లో ఉన్న మగాళ్లల్లా ముసలాళ్లూ, పిల్లలూ, మీరూ."

"అయితే వెళ్లకుండా ఎగ్గొట్టినవాళ్లు ఉన్నారన్నమాట. నాకు చెవులున్నాయి, మారెన్! నేను ఆపమన్నాక, నువ్వు ఆపాక కూడా వాళ్లాపలేదు. ఆ చివరి మాటను అంతసేపు... ఊపిరి పీల్చకుండా... సరే, గొంతుంది, పద్ధతుందా? వెనక బల్లలోంచి ఒకడు ప్రతి వరసకూ అందరికంటే ముందు దూకుతాడు. బడిలో వందసార్లు చెప్పాను, ఆగరా, పక్కవాడితో కలవరా అని. వింటేగా? గాడిద! ఆ తోరెస్‌గాడు ఎప్పుడూ ఇంతే, ఒక్క—"

మాట అక్కడే తెగింది.

ఆయన చేతిలోని కత్తి మెల్లగా బల్ల మీదికి దిగింది. నోరు తెరిచే ఉంది. మూసుకోవడం మరిచిపోయింది.

మారెన్ ఊలు సూదులు పక్కన పెట్టింది.

లేచొచ్చి ఆయన పక్కన కూర్చుంది. మోచెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఎవరెవరు?..." గుసగుసగా అడిగింది.

దీవిలో మగపిల్లలందరికీ పాట చెప్పినవాడు ఆయనే. ఎవడి గొంతులో ఏ తప్పుందో, ఎవడు ఎక్కడ జారుతాడో, ఎవడు ముక్కుతో పాడతాడో అన్నీ ఎంచి ఎంచి వెక్కిరించినవాడు. అందుకే మరిచిపోలేదు. కళ్లు మూసుకున్నాడు. తోరెస్ అన్నాడు మళ్లీ. ఆ తర్వాత తోరెస్ పడవ సరంగు పేరు చెప్పాడు. ఆ తర్వాత అతని తమ్ముడు. ఒక్కొక్క పేరే... మధ్యలో ఆగుతూ, లోపల ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచుతూ...

ఏడు పేర్లయ్యాయి.

"ఇంకొకడున్నాడు," అన్నాడు.  "తోరెస్ పక్కనే. చాలా బాగా పాడాడు, మారెన్. అందరికంటే బాగా. వాడెవడో నాకు తెలియడం లేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు..."

మారెన్ ఆయన మోచెయ్యి వదిలేసింది.

"ఆంటూన్ అయ్యుంటాడు," అంది. "బడికొచ్చిన మొదటిరోజే వాడిది గొంతే కాదన్నారు మీరు. నోరు మూసుకుని పెదాలు కదిపితే చాలన్నారు. ఆ తర్వాత వాడు ఎక్కడా పాడలేదు. మీకు గుర్తుండదులెండి."